వర్క్‌షాపా, మెంటారా, ఊరా? మన మెడికోలకు ఏది మేలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు మెడికోలకు కొదవ లేదు. శ్రీకాకుళంలో ప్రభుత్వ కాలేజీ, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. 2023లో 150 సీట్లతో విజయనగరం ప్రభుత్వ కాలేజీ కూడా మొదలైంది. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కరిక్యులమ్ డాక్టరుకు ఐదు పాత్రలు చెప్పింది. వైద్య బృందానికి నాయకుడు, సభ్యుడు కావడం అందులో ఒకటి. మరి పిల్లలు నలిగిపోకుండా ఆ నాయకత్వం నేర్పేదెలా?

అందరికీ తేలికైనది వర్క్‌షాపు. ఆడిటోరియం, ఫ్లెక్సీ, బయటి నుంచి ట్రైనరు, చివర్లో సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. కొత్తగా చేరినవాళ్లకు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చి నోరు విప్పడానికి జంకేవాళ్లకు, బెరుకు పోగొట్టడానికి పనికొస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడ్డ హౌస్‌సర్జన్‌కు పొద్దున్నే ఒత్తిడిని జయించడం ఎలాగో చెబితే, వెనక వరసలో కునుకు తీస్తాడు. ఆ గంటలో అతనికి కావలసింది కూడా అదే.

మెంటార్ పద్ధతి అంతకన్నా నయం. కొద్దిమంది పిల్లలు, వాళ్లకో మాస్టారు. ఇంటర్నల్స్‌లో ఎవరు వెనకబడ్డారో, ఎవరు హాస్టల్ గదిలోంచి బయటికి రావట్లేదో ఆయనకే ముందు తెలుస్తుంది. చిక్కల్లా ఒకటే. ‘నిద్ర పట్టడం లేదు సార్’ అని ఈరోజు చెప్పినవాడు రేపు వైవాలో అదే సారు ఎదుట కూర్చోవాలి. అందుకే చదువు కబుర్లు బయటికొస్తాయి, లోపలి టెన్షన్ లోపలే ఉండిపోతుంది. మార్కులతో సంబంధం లేని కౌన్సెలర్ ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎవరైనా, ఎప్పుడైనా, తెలుగులోనే మాట్లాడవచ్చని మొదటి రోజే చెప్పాలి.

నన్నడిగితే నాయకత్వానికి అసలు బడి ఊరు. ఇప్పుడు ప్రతి విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుతో పాటు వాళ్ల ఆరోగ్యం చూడాలి. చాలాచోట్ల ఇది రికార్డు బుక్కు నింపే పని అయిపోయింది. కాలేజీ బస్సు పొద్దున పది గంటలకు ఊళ్లోకి వస్తుంది. ఆ వేళకు జనం పొలంలోనో, జీడితోటలోనో ఉంటారు. పిల్లలు ఇంట్లో ఉన్న ముసలమ్మకే అందరూ కలిసి బీపీ చూసి వచ్చేస్తారు. ‘ఇలా కాదు, సాయంత్రం వద్దాం’ అని ఆశా కార్యకర్తతో మాట్లాడి, డిపార్ట్‌మెంట్‌ను ఒప్పించి, బస్సు వేళ మార్పించిన పిల్ల ఉంటే, లీడర్ ఆ పిల్లే.

ఉద్దానం వైపు క్యాంపుకు వెళితే పరీక్ష ఇంకా గట్టిది. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. రక్తం తీసుకెళ్లిన బృందాలకు మాత్రం లెక్క లేదు. ‘మళ్లీ రగతమేనా బాబూ? పోయినసారి తీసినదానికి ఏటొచ్చిందో ఎవులూ సెప్పలేదు’ అని ఊరివాళ్లు అంటే ఏం జవాబు చెబుతారు? కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకుని మళ్లీ అదే గడపకు వెళ్లి, అర్థమయ్యేలా చెప్పి, అవసరమైతే పలాస కిడ్నీ ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేయడం ఏ స్లైడ్‌లోనూ దొరకదు. పైగా తన వల్ల ఒకరికి మేలు జరిగిందన్న తృప్తి మనసుకు బలం.

అలాగని ఊరు అన్నిటికీ మందు కాదు. అలసినవాణ్ణి ఊరికి పంపితే ఇంకా అలసిపోతాడు. నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు తేలిందని చెప్పారు. పీజీ రెసిడెంట్లకు వారానికి 74 గంటలకు మించి పని వద్దని, ఒకరోజు సెలవు ఇవ్వాలని ఆ నివేదిక సూచించింది. అది అమలు కాకుండా వెల్‌నెస్ అంటే ఎవరు నమ్ముతారు?

నేనైతే వర్క్‌షాపు డబ్బును సాయంత్రం బస్సుకు, రిపోర్టులు తిరిగి ఇంటికి చేర్చడానికి మళ్లిస్తాను. మెంటార్లను ఉంచుతాను, కౌన్సెలర్‌ను వేరుగా పెడతాను. హౌస్‌సర్జన్ల డ్యూటీ చార్టును వాళ్లే కూర్చుని రాసుకుంటే, డిపార్ట్‌మెంట్ హెడ్ చూసి సంతకం పెడితే చాలు. ఎవరికి వరసగా రెండు నైట్లు పడ్డాయో వాళ్లకు తెలిసినట్టు ఆఫీసుకు తెలియదు.