16 వేలు మిగులుతాయని రెండు టికెట్లు కొన్నాం

సంక్రాంతి వెళ్లిన వారానికి షికాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి బయలుదేరాం. హనుమకొండలో మాకు టికెట్లు చేసి ఇచ్చిన ఏజెంటు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. షికాగో దాకా ఒకే టికెట్టయితే ఇద్దరికీ కలిపి 16,000 రూపాయలు ఎక్కువ పడుతుందన్నాడు. అందుకని హైదరాబాద్ నుంచి ముంబయికి ఒకటి, అక్కడి నుంచి అబుదాబి మీదుగా షికాగోకు మరొకటి, వేర్వేరు కంపెనీలవి తీసుకొచ్చాడు. "తేడా ఏమీ ఉండదమ్మా" అన్నాడు. తెలిసి దాచాడో, తెలియకే చెప్పాడో నాకు తెలియదు.

మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉన్నా మాకు విమానం మాత్రం శంషాబాద్‌లోనే. జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కి మూడున్నర గంటల్లో చేరాం. కారుకు 4,500.

కౌంటర్ దగ్గర పెట్టెలు తూకం మీద పెట్టాక అసలు సంగతి బయటపడింది. అమెరికా విమానంలో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి. ముంబయి విమానంలో మనిషికి 15 కిలోలే. మా నాలుగు పెట్టెలూ కలిపి 83 కిలోలు తూగాయి. రెండో టికెట్టు చూపించినా అది వేరే కంపెనీదని ఒప్పుకోలేదు. అదనంగా ఉన్న 53 కిలోలకు, కిలోకు 550 చొప్పున 29,150 కట్టమన్నారు. మా వారు మాట్లాడకుండా నా వైపు చూశారు. ఏ పెట్టె వదలాలో నేనే చెప్పాలి.

22 కిలోల ఆ పెట్టెలో ఎక్కువ భాగం సకినాలు. కొత్త బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, మా తోడికోడలూ నేనూ రెండు రోజులు కూర్చుని చుట్టినవి. నెలలు నిండుతున్న అమ్మాయి ఫోనులో మరీ మరీ అడిగింది. దింపడానికి వచ్చిన మరిది కొడుకు చేతికి ఆ పెట్టె అప్పగిస్తుంటే కళ్లు తుడుచుకోవడం నా వల్ల కాలేదు. మిగిలిన 31 కిలోలకు 17,050 కట్టాం. ఆదా అవుతాయన్న 16,000 ఇంకా మొదటి విమానం ఎక్కకముందే పోయాయి.

ఆ విమానం గంటా నలభై నిమిషాలు ఆలస్యం. ఒకే టికెట్టయితే, ఆలస్యం వల్ల రెండోది తప్పిపోయినా తర్వాతి దానిలో పంపించే బాధ్యత వాళ్లది. విడి టికెట్లయితే రెండో కంపెనీకి మనం సమయానికి రాని ప్రయాణికులం, అంతే. ఇది తెలిసిన దగ్గర్నుంచి మా వారు గడియారం మీంచి చూపు తిప్పలేదు. ముంబయిలో దిగింది టెర్మినల్ 1, మళ్లీ ఎక్కాల్సింది టెర్మినల్ 2. రెండూ పక్కపక్కన ఉండవు. పెట్టెలు తీసుకుని బయటికొచ్చి టాక్సీ ఎక్కాలి. 850 తీసుకున్నాడు. పరుగున చేరితే చెక్-ఇన్ అర్ధరాత్రి దాటాకే అన్నారు. మోకాళ్ల నొప్పితో ఆయన ఇనుప కుర్చీలో కూర్చుని పెట్టెలకు కాపలా కాశారు. రెండు టీలకు 420. నెమలి పింఛాల్లాంటి ఆ పైకప్పును అందరూ ఫోటోలు తీస్తున్నారు, ఆయన తలెత్తి చూడలేదు.

మా టికెట్లు విడిపోయింది మన దేశంలో కాబట్టి ఆ మాత్రమైనా గట్టెక్కాం. అదే అబుదాబిలో అయితే, పెట్టెల కోసం బయటికి రావడానికి ఆ దేశపు వీసా కూడా కావలసి వచ్చేది.

అబుదాబిలో ఏడు గంటలు ఆగాలి. నేను మా వారితో మాట్లాడుతుంటే నేల తుడుస్తున్న అబ్బాయి ఆగి, "అమ్మా, మీది ఏ ఊరు?" అన్నాడు. అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. కాళ్లు చాపుకునే కుర్చీలు ఎక్కడున్నాయో చూపించాడు, వేడినీళ్లు తెచ్చిచ్చాడు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట అతనే చెప్పాడు: అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ ఇక్కడే జరుగుతుంది, బోర్డింగ్ సమయం దాకా కూర్చోవద్దు, మూడు గంటల ముందే వెళ్లండి. ఏజెంటు ఈ ముక్క కూడా చెప్పలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. నా చేతిసంచిలో మా వారి ఆకలి కోసం దాచిన సకినాల పొట్లం ఒకటి ఉంది, అది చేతిలో పెట్టాను. సంక్రాంతికి ఇంటికి వెళ్లి ఆరేళ్లయిందని చెప్పి, ఒకటి తుంచి నోట్లో వేసుకుని, మిగతాది జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. మా వారు శంషాబాద్ తర్వాత మొదటిసారి నవ్వారు.

తనిఖీకి గంటన్నర పట్టింది. షికాగోలో పెట్టెలు తీసుకుని నేరుగా బయటికి నడిచాం. అమ్మాయి మూడు పెట్టెలు లెక్కపెట్టి నాలుగోది ఏదని అడిగింది.

తిరుగు టికెట్లు తనే చేసింది, ఒకే పీఎన్ఆర్ మీద. ధర 11,000 ఎక్కువ. షికాగోలో ఇచ్చిన పెట్టెలు శంషాబాద్‌లో చేతికొచ్చాయి.