సినిమా, సాయం, ఆనకట్ట, సీటు: దేశ భద్రతకు వీటిలో ఏది మేలు?

ఈ మధ్య సాఫ్ట్ పవర్ (ఆయుధంతో కాక సాయంతో, సంస్కృతితో, స్నేహంతో ఇతర దేశాలను మనవైపు తిప్పుకునే బలం) మాట ఎత్తితే చాలు, టర్కీ దగ్గరికి వచ్చి ఆగుతోంది. 2023 ఫిబ్రవరిలో అక్కడ భూకంపం వస్తే మనవాళ్లు ‘ఆపరేషన్ దోస్త్’ పేరుతో పరుగెత్తారు. ఇస్కెందెరున్‌లో మన సైన్యం పెట్టిన ఆసుపత్రిలో దాదాపు 3,600 మందికి వైద్యం అందింది. మన జాతీయ విపత్తు సహాయ దళం (ఎన్డీఆర్ఎఫ్) కుక్క జూలీ శిథిలాల కింద ఉన్న ఆరేళ్ల పాప జాడ పట్టింది. రెండేళ్లు తిరిగాయో లేదో, 2025 మేలో టర్కీ వెళ్లి పాకిస్థాన్ పక్కన నిలబడింది. మన మీదికి వచ్చిన డ్రోన్లలో టర్కీ తయారీవి ఉన్నాయని మన అధికారులే చెప్పారు. అప్పటి నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే: “ఈ మంచితనమంతా దండగే కదా? ఆ డబ్బుతో ఇంకో నాలుగు క్షిపణులు కొనుక్కోవచ్చుగా?” సివిల్స్‌కి చదివే పిల్లలు అదే మాటను కాస్త మర్యాదగా అడుగుతారు: “వ్యాసంలో దేనివైపు రాయమంటారు సర్, సాఫ్ట్ పవరా, సైన్యం, ఆయుధాల హార్డ్ పవరా?”

ఆ పోటీ మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు, విదేశాంగ శాఖకు దాదాపు 20,500 కోట్లు. 26 నౌకాదళ రఫేల్ విమానాల ఒప్పందం ఒక్కటే సుమారు 63,000 కోట్లు. అంటే విదేశాంగ శాఖ మూడేళ్ల ఖర్చు. విమానాలు వద్దని నేను అనను, కావాలి. కాకపోతే “ఆ డబ్బుతో క్షిపణులు” అనేవాళ్లు ఆ డబ్బు ఎంతో ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

నన్ను తొలిచే ప్రశ్న వేరే. సాఫ్ట్ పవర్ అనే ఒకే సంచిలో నాలుగు రకాల సరుకు పోసి, అంతా కలిపి తూకం వేస్తున్నాం. విడివిడిగా తూచాలి. నేను వాడే తూకపు రాయి ఇది: అవతలి దేశంలో ప్రభుత్వం మారిన మర్నాడు మన చేతిలో ఏం మిగులుతుంది? ఇది ఊరికే వేసుకున్న ప్రశ్న కాదు. 2021లో కాబూల్, 2022లో కొలంబో, 2023లో మాల్దీవుల రాజధాని మాలే, 2024లో ఢాకా, 2025లో కఠ్మాండూ. ఐదేళ్లలో ఐదు పొరుగు రాజధానుల్లో గద్దె మీద మనిషి మారాడు. ఒక్క మాలేలో మాత్రమే మామూలు ఎన్నికతో మారాడు. మిగతా చోట్ల తుపాకీతోనో, వీధిలోకి వచ్చిన జనంతోనో. మన చుట్టూ వాతావరణమే అలా ఉన్నప్పుడు అక్కరకొచ్చేది ఏదో ముందే చూసుకోవాలి.

సినిమాను మొదట తేల్చేద్దాం. తెలుగువాళ్ల మధ్య ఈ చర్చ వస్తే ముందు దూకేది అదే. ‘నాటు నాటు’ను కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీశారు, ఆస్కార్ వచ్చింది, జపాన్ థియేటర్లలో చప్పట్లు మోగాయి. గర్వంగానే ఉంది. కానీ 2017 వేసవి గుర్తు చేసుకోండి. మే నెలలో ‘దంగల్’ చైనాలో విడుదలై వెయ్యి కోట్లకు పైగా వసూలు చేసింది. చైనా జనం కళ్లు తుడుచుకుంటూ థియేటర్ల నుంచి బయటికొచ్చిన కొన్ని వారాలకే, జూన్ మధ్యలో, భూటాన్ సరిహద్దులోని డోక్లాంలో మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలబడ్డాయి. 73 రోజులు అలాగే ఉన్నాయి. సినిమా చూసి మనల్ని ఇష్టపడ్డ ప్రేక్షకుడికి బీజింగ్‌లో సరిహద్దు గురించి నోరెత్తే చోటేదీ? యోగా దినోత్సవం కూడా అంతే. ఐక్యరాజ్యసమితిలో 177 దేశాలు ఆ తీర్మానాన్ని మనతో కలిసి ప్రతిపాదించాయి, సంతోషం. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆపదలో సాయం దీనికంటే చాలా బరువైనది. 2004 డిసెంబరు సునామీలో మన తీరమే దెబ్బతింది. అయినా గంటల వ్యవధిలో మన నౌకలు శ్రీలంకకు, మాల్దీవులకు బయల్దేరాయి. ఆ తర్వాత ఇండోనేషియాకూ వెళ్లాయి. ఆ రోజుల్లో సాయాన్ని సమన్వయం చేసుకోవడానికి అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, మనం కలిసి ఏర్పాటు చేసుకున్న బృందమే మూడేళ్లకు ‘క్వాడ్’ అనే ఆలోచనకు విత్తనమైంది. బియ్యం బస్తాలు, మంచినీళ్లు మోసిన ఓడల నుంచి ఒక భద్రతా కూటమి పుట్టిందన్నమాట. ఇంకో సంగతి, ఆ సాయం మోసేది యుద్ధానికి కొన్న ఓడలూ విమానాలే. విశాఖలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వను సైనికులను, వాహనాలను ఒడ్డుకు దించడానికి కొన్నాం. 2020 మేలో కోవిడ్ కాలంలో అదే ఓడ మాలే నుంచి మనవాళ్లను కొచ్చికి చేర్చింది. సాఫ్ట్, హార్డ్ అని అడ్డుగీత గీసేవాళ్లు ఆ ఓడను ఏ పక్కన పెడతారో మరి.

కానీ నా తూకపు రాయి వేసి చూస్తే ఇక్కడ చిక్కు వస్తుంది. సాయం జ్ఞాపకం చాలా తొందరగా కరిగిపోతుంది. 2014 డిసెంబరులో మాలేలో మంచినీటి ప్లాంటు తగలబడితే మన విమానాలు మర్నాడే నీళ్లు దించాయి. అప్పటి అధ్యక్షుడు అబ్దుల్లా యమీన్. గద్దె దిగాక, మన సైనికులు మాల్దీవులు వదిలి వెళ్లాలనే ‘ఇండియా ఔట్’ ఉద్యమానికి జెండా పట్టింది ఆ యమీనే. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపానికి అందరికంటే ముందు చేరింది మనమే. ఆ సెప్టెంబరులోనే సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి. అది నేపాల్ దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీల ఆందోళన వల్లే అని మనం చెప్పాం, నేపాలీలు దాన్ని మన దిగ్బంధంగానే చూశారు. గ్యాస్ బండ కోసం క్యూలో నిలబడ్డ కఠ్మాండూ ఇల్లాలికి ఏప్రిల్‌లో దిగిన విమానాలు ఏం గుర్తుంటాయి? 2016 మార్చి తిరగకముందే అప్పటి నేపాల్ ప్రధాని ఓలీ బీజింగ్ వెళ్లి రవాణా ఒప్పందం చేసుకొచ్చారు.

వ్యాక్సిన్ల కథ ఇంకా చేదు. 2021 జనవరి 20న మొదటి డోసులు భూటాన్‌కు, మాల్దీవులకు వెళ్లాయి. అందరూ మెచ్చుకున్నారు. ఏప్రిల్‌కు మన దగ్గరే రెండో వేవ్ విరుచుకుపడింది, ఎగుమతి ఆగింది. ఆపడం తప్పని నేను అనలేను, ఆ నెలల్లో మన ఇళ్లలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కానీ అవతలి వైపు నుంచి చూడండి. మొదటి డోసు మన దగ్గర తీసుకున్న భూటాన్ రెండో డోసు కోసం అమెరికాను, డెన్మార్క్‌ను ఆశ్రయించింది. మూడు కోట్ల డోసులకు ఒప్పందం చేసుకున్న బంగ్లాదేశ్‌కు 70 లక్షలు చేరాక సరఫరా నిలిచిపోయింది, మే నెలలో చైనా టీకాలు ఢాకాలో దిగాయి. విస్తరి ముందు కూర్చోబెట్టి, సగం భోజనంలో వడ్డన ఆపేస్తే అతిథికి గుర్తుండేది తిన్న సగం కాదు.

ఆనకట్టలు, రోడ్లు, అప్పుల సంగతి కొంచెం త్వరగా చూద్దాం. అఫ్గానిస్థాన్‌లో మనం దాదాపు 300 కోట్ల డాలర్లు పెట్టాం. జరంజ్ నుంచి దెలారాం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు, హెరాత్‌లో సల్మా ఆనకట్ట, కాబూల్‌లో పార్లమెంటు భవనం. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చారు. ఆనకట్ట నీళ్లిస్తూనే ఉంది, రోడ్డు మీద లారీలు తిరుగుతూనే ఉన్నాయి. పార్లమెంటు భవనం ఉంది, పార్లమెంటు లేదు. కాంక్రీటుకు ఉన్న గుణమే అది. ఎవరు పాలిస్తే వాళ్లకు పనిచేస్తుంది, కట్టినవాడి తరఫున మాట్లాడదు. అప్పు సంగతి సరేసరి. 2022లో శ్రీలంక దివాలా తీస్తే దాదాపు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకున్నాం. ఆ ఆగస్టులోనే చైనా నిఘా నౌక యువాన్ వాంగ్ 5 హంబన్‌తోట రేవులో లంగరేసింది. మనం అభ్యంతరం చెప్పినా సరే.

ఇక సీటు. కాలేజీలో సీటు, శిక్షణలో సీటు, అకాడమీలో సీటు. విదేశీయులకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ పథకం ‘ఐటెక్’ పేరుతో ఈ పని 1964 నుంచి జరుగుతోంది. భారత సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) స్కాలర్‌షిప్పులు, మన సైనిక అకాడమీల్లో విదేశీ క్యాడెట్లు దీని కిందికే వస్తారు. నా మొగ్గు ఇటువైపే అని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది, దాచడం దేనికి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు రోజూ వీళ్ల మధ్యే తిరుగుతారు, గమనించరు. రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థకు ఆఫ్రికా, ఆసియా దేశాల అధికారులు శిక్షణకు వస్తారు. శివరాంపల్లి పోలీస్ అకాడమీ పాసింగ్ ఔట్ పరేడ్ ఫొటోల్లో మన ఐపీఎస్‌లతో పాటు భూటాన్, నేపాల్, మాల్దీవుల అధికారులూ కవాతు చేస్తూ కనిపిస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లలో కొందరు తమ దేశంలో పెద్ద కుర్చీల్లో కూర్చుంటారు. ఆ రోజు హైదరాబాద్ నుంచి ఫోన్ వెళ్తే వాళ్లకు అది పరాయి ఊరు కాదు, బిర్యానీ తిన్న ఊరు.

మళ్లీ డోక్లాం దగ్గరికే వద్దాం. ‘దంగల్’ పనికిరాని ఆ వేసవిలో పనికొచ్చింది ఏమిటి? గొడవ జరిగింది భూటాన్ తనదనే నేలలో. భూటాన్ రాజధాని థింఫు ఆ రోజు తటపటాయించి ఉంటే మన సైన్యం అక్కడ నిలబడటానికి చెప్పుకునే ఆధారమే ఉండేది కాదు. భూటాన్ బహిరంగంగానే చైనా రోడ్డు పనికి అభ్యంతరం చెప్పింది. ఆ ధైర్యం వెనక ఒక్క రోజులో రాని సంగతులున్నాయి. 1960ల ఆరంభం నుంచి హా లోయలో మన సైనిక శిక్షణ బృందం ‘ఇమ్‌ట్రాట్’ భూటాన్ సైనికులకు శిక్షణ ఇస్తోంది. ఇప్పటి రాజు జిగ్మే ఖేసర్ యువరాజుగా ఉన్నప్పుడు ఢిల్లీలోని నేషనల్ డిఫెన్స్ కాలేజీలో చదివారు. అటువైపు మన గురించి తెలిసిన మనుషులు ఉన్నారు, మాట చెల్లుబాటయ్యే చోటే ఉన్నారు.

సరే, భూటాన్ ఎప్పుడూ మన స్నేహితుడే, అది లెక్కలోకి రాదు అంటారా? అయితే కాబూల్. 2021 ఆగస్టు 31న దోహాలో మన రాయబారి తాలిబన్ నాయకుణ్ని కలిశారు. మన ప్రభుత్వం బయటికి ఒప్పుకున్న మొదటి భేటీ అది. ఎదురుగా కూర్చున్న షేర్ మహమ్మద్ అబ్బాస్ స్తానిక్‌జై 1982లో డెహ్రాడూన్‌ ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పొందినవాడు. తోటి క్యాడెట్లు ‘షేరూ’ అని పిలిచేవారట. మనం అతనికి సీటిచ్చిన నాటికి తాలిబన్ అనే సంస్థే లేదు! అక్కడ రాజ్యం ఎన్నిసార్లు తలకిందులైందో లెక్కపెట్టండి. రష్యన్లు, ముజాహిదీన్లు, మొదటి తాలిబన్, అమెరికన్లు, మళ్లీ తాలిబన్. మధ్యలో అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ సిమ్లాలో ఎం.ఏ. చేసినవారు. ప్రభుత్వాలు అన్నిసార్లు కూలినా, ఏదో ఒక వైపు మన దగ్గర చదివిన మనిషి ఉన్నాడు.

దీన్ని ఎక్కువ చేసి చెప్పకూడదు. ఇక్కడ చదివినవాళ్లంతా మనకు విధేయులు కారు, కానక్కర్లేదు. ఆ స్తానిక్‌జైయే 2020లో అఫ్గానిస్థాన్‌లో భారత్ పాత్ర చెడ్డదని విమర్శించాడు. మనల్ని గట్టిగా వ్యతిరేకించిన నేపాల్ మావోయిస్టు తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన బాబూరాం భట్టరాయ్ మన జేఎన్‌యూలోనే పీహెచ్‌డీ చేశారు. సీటు మనకు అనుచరుణ్ని ఇవ్వదు. మనం ఎలా ఆలోచిస్తామో తెలిసి, ఫోన్ ఎత్తే మనిషిని ఇస్తుంది. సంక్షోభం మొదటి వారంలో భద్రతా వ్యవస్థకు కావాల్సింది సరిగ్గా అలాంటి మనిషే. ఖర్చు చూస్తారా, ఒక విద్యార్థి హాస్టల్, ఫీజు, నెలవారీ భత్యం. ఆనకట్ట సిమెంటు బిల్లులో అది ఒక లారీ లోడు కూడా కాదు.

ఇంత మంచి పెట్టుబడిని మనమే ఎలా పాడు చేసుకుంటున్నామో చూస్తే ఒళ్లు మండుతుంది. 2021 ఆగస్టు 25న అంతకుముందు అఫ్గాన్లకు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేశాం. సెలవులకు ఇంటికెళ్లిన విద్యార్థులు, సగం చదువు ఇక్కడ పెట్టుకుని అక్కడే చిక్కుకుపోయారు. భద్రతా కారణాలు ఉండొచ్చు. కానీ తాలిబన్లకు భయపడి మన వైపు చూసిన పిల్లలకే తలుపు మూసి, 2025 అక్టోబరులో తాలిబన్ మంత్రి ముత్తఖీకి ఢిల్లీలో స్వాగతం పలికాం. ఆయన్ని పిలవడం తప్పు కాదు, ఆ పిల్లల్ని మర్చిపోవడం తప్పు. 2024 ఆగస్టు తర్వాత బంగ్లాదేశీయులకు వీసాలు బాగా తగ్గించాం. కోల్‌కతాకు, చెన్నైకి వచ్చే రోగులకు దారి మూసుకుపోతే, 2025 మార్చిలో చైనా కున్మింగ్ ఆసుపత్రులు వాళ్లకు తలుపు తెరిచాయి. ఢాకాలో హసీనా పడిపోయిన రోజు మన సాంస్కృతిక కేంద్రాన్ని అల్లరిమూకలు ధ్వంసం చేశాయి. ఆ భవనాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. కున్మింగ్‌లో బాగుపడి ఇంటికెళ్లిన రోగిని మళ్లీ మనవైపు తిప్పుకోవడం అంత తేలిక కాదు.

నేపాలీ గోర్ఖాలను ఈ నాలుగింటిలో ఎక్కడ వేయాలో నాకు తేలడం లేదు. మన సైన్యంలో పనిచేసి, పెన్షన్ తీసుకుంటూ నేపాల్ కొండల్లో ఉండే వేలాది కుటుంబాలు మనకు ఏ రాయబార కార్యాలయమూ ఇవ్వలేని బలం. 2022లో నాలుగేళ్ల సైనిక కొలువుల పథకం అగ్నిపథ్ వచ్చింది, నేపాల్ ఒప్పుకోలేదు, అక్కడి నుంచి భర్తీ ఆగింది. దాని గురించి మన టీవీల్లో ఒక్క సాయంత్రమైనా చర్చ జరిగిందా?

టర్కీ ప్రశ్న అడిగేవాళ్లకు చివరగా ఒక సంగతి చెబుతాను. పర్వేజ్ ముషారఫ్ తండ్రి అంకారాలోని పాకిస్థాన్ రాయబార కార్యాలయంలో పనిచేశారు. 1949 నుంచి ఏడేళ్లు ముషారఫ్ బాల్యం అక్కడే గడిచింది, టర్కీ భాష ధారాళంగా మాట్లాడేవాడు. ఆ రెండు సైన్యాల మధ్య రాకపోకలు దశాబ్దాల నాటివి. మనం ఇస్కెందెరున్‌లో ఉన్నది రెండు వారాలు.