ఓడుతున్న కోచ్‌ని ఉంచాలా, పంపేయాలా?

1990 జనవరి 7. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మైదానంలో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ) మూడో రౌండ్ మ్యాచ్. ఓడితే మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ ఉద్యోగం ఊడినట్టేనని ఇంగ్లండ్ పత్రికలు రాస్తున్నాయి. ఆయన వచ్చి అప్పటికి మూడేళ్లు దాటింది. సెప్టెంబర్‌లో పక్క జట్టు మాంచెస్టర్ సిటీ చేతిలో 5-1 తేడాతో చిత్తయ్యారు. డిసెంబర్‌లో సొంత గ్యాలరీలోనే ఒక అభిమాని, మూడేళ్ల సాకులు చాలు, ఇక వెళ్లిరమ్మని గుడ్డ మీద రాసి పైకెత్తి చూపించాడు.

ఆ రోజు రెండో సగంలో మార్క్ హ్యూస్ బూటు బయటి అంచుతో బంతిని మెలితిప్పి గోల్ ముందుకు పంపాడు. మార్క్ రాబిన్స్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ముందుకు వంగి దాన్ని తలతో లోపలికి నెట్టాడు. 1-0. అదే మే నెలలో యునైటెడ్ కప్పు గెలిచింది. 1993లో లీగ్ గెలిచింది. 2013లో ఫెర్గూసన్ తప్పుకునేనాటికి ఆయన ఖాతాలో 13 లీగ్ టైటిళ్లు ఉన్నాయి.

ఎక్కడ ఏ కోచ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడినా ఈ కథే బయటికొస్తుంది. ఫెర్గూసన్‌కి ఓపిక పట్టారు కదా, ఈయనకీ పట్టండి అంటారు. నాకూ ఈ కథంటే ప్రాణం. కానీ దీన్ని సగమే చెబుతున్నారని నా బాధ. ఆ మూడేళ్లూ ఫెర్గూసన్ ఓడుతూ కూర్చోలేదు. కుర్రాళ్లను వెతికే వ్యవస్థను కొత్తగా కట్టారు. ర్యాన్ గిగ్స్ ఇంటికి స్వయంగా వెళ్లి, పద్నాలుగో పుట్టినరోజు నాడే అతన్ని క్లబ్‌లోకి తెచ్చుకున్నారు. జట్టులో తాగుడు అలవాటు పెరిగిపోయిందని, 1989 వేసవిలో అభిమానులు నెత్తిన పెట్టుకున్న పాల్ మెక్‌గ్రాత్, నార్మన్ వైట్‌సైడ్‌లను కూడా పంపించేశారు. పాయింట్ల పట్టికలో 11, 13 స్థానాలు కనబడుతున్నాయి సరే, ఆ పట్టిక కింద ఒక పని నడుస్తోంది. యాజమాన్యం ఆ పనిని చూసింది. అందుకే ఆగింది.

ఉంచాలా, పంపాలా అన్న వాదనలో నేను మొదట చూసేది దీన్నే. కోచ్ అడుగుతున్న సమయంలో ఏం జరుగుతోంది?

ఉంచడం వైపు బలమైన సాక్ష్యం ఈ కాలంలో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్. 2021 ఆగస్టు ఆఖరికి మికెల్ ఆర్టెటా జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది. మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు. కొట్టిన గోల్స్ సున్నా, తిన్నవి తొమ్మిది. అంతకుముందు రెండు సీజన్లూ ఎనిమిదో స్థానమే. అప్పటికి ఆయన్ని పంపేస్తే ఒక్కరు కూడా తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ ఆ వేసవిలో క్లబ్ కొన్న ఆరుగురి వయసులు చూడండి: అందరూ ఇరవై మూడేళ్లు, ఆ లోపు వాళ్లే. మార్టిన్ ఒడెగార్డ్, బెన్ వైట్ ఆ బ్యాచ్‌లోని వాళ్లే. పేరున్న పాత ఆటగాడు ఓజిల్ అప్పటికే వెళ్లిపోయాడు, ఆరు నెలల్లో కెప్టెన్‌గా ఉన్న ఒబమెయాంగ్ కూడా వెళ్లిపోయాడు. పైగా ఆ మూడు ఓటముల్లో ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది గాయాలతోనో కోవిడ్‌తోనో బయట ఉన్నారు. ఆ సీజన్ ఐదో స్థానంలో ముగిసింది. తర్వాతి మూడు సీజన్లూ రెండో స్థానం.

జర్మనీలో ఇంకో ఉదాహరణ ఉంది, అది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. 2015 ఫిబ్రవరి, డోర్ట్‌మండ్. అంతకు రెండేళ్ల ముందే యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన యుర్గెన్ క్లాప్ జట్టు సొంత మైదానంలో ఆగ్స్‌బర్గ్ చేతిలో ఓడి లీగ్‌లో చివరి స్థానంలోనే మిగిలింది. గ్యాలరీ అంతా ఈలలు, కేకలు. గోల్‌కీపర్ వైడెన్‌ఫెల్లర్, కెప్టెన్ హుమ్మెల్స్ నేరుగా గ్యాలరీ దగ్గరికెళ్లి కంచె ఎక్కి అభిమానులతో మాట్లాడారు. కోచ్ మీద నమ్మకం పోయిన ఆటగాళ్లు అలా కంచె ఎక్కరు. ఆ జట్టు గోల్ అవకాశాలు బాగానే సృష్టిస్తోంది, బంతి మాత్రం లోపలికి పోవడం లేదు. అదే కోచ్‌తో అదే జట్టు ఆ సీజన్‌ను ఏడో స్థానంలో ముగించింది. అయినా క్లాప్ తనంతట తానే ఆ వేసవిలో తప్పుకున్నారు. ఆ సీజన్ గణాంకాలను తవ్వి, ఇది దురదృష్టమే తప్ప చెడ్డ కోచింగ్ కాదని తేల్చుకున్న లివర్‌పూల్ ఆయన్ని అక్టోబర్‌లో తీసుకుంది. తర్వాత చాంపియన్స్ లీగ్, ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ రెండూ వచ్చాయి.

ఇక రెండో వైపు. పంపడం ఎప్పుడూ తొందరపాటే అనేవాళ్లతో నేను ఒప్పుకోను. 2021 జనవరిలో చెల్సీ తన సొంత హీరో ఫ్రాంక్ లాంపార్డ్‌ని తీసేసింది. మనసుకు కష్టమనిపించిన నిర్ణయం అది. కొత్తగా వచ్చిన థామస్ టుకెల్ మొదటి మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లతో సరిగా ప్రాక్టీస్ కూడా చేయించలేకపోయారు. ఆయన చేసింది ప్రధానంగా ఒకటే: వెనక ముగ్గురు డిఫెండర్లను నిలబెట్టి, జట్టు కూర్పు మార్చారు. నాలుగు నెలల్లో చాంపియన్స్ లీగ్ గెలిచారు. ఎందుకు కుదిరింది? కాంటే, థియాగో సిల్వా, మౌంట్, హావెర్ట్జ్ ఉన్న జట్టు తొమ్మిదో స్థానంలో ఉండాల్సింది కాదు. సరుకు ఉంది, వంట కుదరలేదు. అలాంటప్పుడు వంటమనిషిని మార్చితే ఫలితం వెంటనే కనబడుతుంది. 2019 నవంబర్‌లో బయర్న్ మ్యూనిక్ కొవాచ్‌ని పంపి హాన్సీ ఫ్లిక్‌కి పగ్గాలిచ్చి, ఆ సీజన్‌లోనే మూడు పెద్ద కప్పులూ కొట్టింది కూడా ఈ లెక్కలోనే.

సౌతాంప్టన్ ఇంకా గట్టి ఉదాహరణ. వరసగా రెండు సీజన్లు జట్టును పై డివిజన్‌కి తెచ్చిన నైజెల్ ఆడ్కిన్స్‌ని 2013 జనవరిలో, ఫలితాలు కుదుటపడుతున్న టైమ్‌లోనే తీసేశారు. అభిమానులు మండిపడ్డారు. వచ్చినాయన పేరు అప్పట్లో ఇంగ్లండ్‌లో చాలామందికి తెలియదు: మౌరిసియో పొచెట్టినో. తర్వాతి సీజన్‌కే జట్టు ఎనిమిదో స్థానంలో ఉంది. అక్కడ తేడా ఏమిటంటే, ఎవర్ని పంపాలో తేల్చుకునే ముందే ఎవర్ని తేవాలో తెలుసు.

అది తెలియకుండా పంపితే? వాట్‌ఫర్డ్‌ని చూడండి. 2019-20 సీజన్‌లో కోచ్‌ల మీద కోచ్‌లను మార్చి, ఆఖరికి ఇంకా రెండు మ్యాచ్‌లుండగా నైజెల్ పియర్సన్‌ని కూడా తీసేశారు. పట్టిక అడుగున ముగించి కింది డివిజన్‌కి పడిపోయారు. పైకి వచ్చాక 2021-22లో మళ్లీ ఒక్క సీజన్‌లోనే ముగ్గురు కోచ్‌లు పనిచేశారు. మళ్లీ పడిపోయారు.

కోచ్ మారగానే జట్టు పుంజుకుంటుందన్న నమ్మకం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే క్లబ్బులు కోట్లు తగలేసేది దీన్ని నమ్ముకునే. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ తమ దేశపు అగ్ర లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన కోచ్ మార్పులను పరిశీలించారు. కోచ్‌ని తీసేసిన జట్లు కోలుకున్న మాట నిజం. కానీ అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ని మార్చని జట్లు ఉన్నాయి కదా, అవీ దాదాపు అలాగే కోలుకున్నాయి. వేటు పడేది జట్టు బాగా కిందికి పోయినప్పుడే. అక్కడి నుంచి ఎవరున్నా కొంత పైకి రావడం మామూలే. ఆ పైకి రావడాన్ని కొత్త కోచ్ ఖాతాలో రాసేస్తున్నాం.

అలాగని ఓపిక పట్టిన ప్రతి క్లబ్బూ బాగుపడిందనీ కాదు. 2016-17లో సండర్లాండ్ డేవిడ్ మోయెస్‌ని సీజన్ మొత్తం ఉంచింది. సీజన్ మొదట్లోనే ఆయన ఇది డివిజన్‌లో నిలబడటానికి చేసే పోరాటమేనని చెప్పేశారు. ఆ మాటతో అభిమానుల్లో ఉన్న కాస్త ఆశా పోయింది. 24 పాయింట్లతో చివరి స్థానం. మరుసటి ఏడు ఇంకో డివిజన్ కిందికి. విచిత్రమేమిటంటే ఇదే మోయెస్ తర్వాత వెస్ట్‌హామ్‌ని ఆరో స్థానానికి తెచ్చి, 2023లో యూరప్ కప్పు ఒకటి గెలిపించారు. మనిషి అదే. సండర్లాండ్‌లో దారి లేని చోట సమయం ఇచ్చారు, అంతే. ఓపిక కథల్లో ఫెర్గూసన్ పేరు వినబడినంతగా ఇలాంటివి వినబడవు.

కాబట్టి ఏది మేలు? నా తీర్పు చెప్పే ముందు, అన్నిటికంటే చెడ్డది ఏదో చెప్తాను. ఉంచీ ఉంచనట్టు ఉంచడం.

2024 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ చేసింది అదే. ఎరిక్ టెన్ హాగ్ జట్టు లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ముగించింది, అయితే ఎఫ్‌ఏ కప్ గెలిచింది. క్లబ్ వేరే కోచ్‌లతో మాట్లాడింది, నిర్ణయం తేల్చకుండా వారాలు గడిపింది, చివరికి ఆయన కాంట్రాక్టే పొడిగించింది. ఆయన ఆట తీరుకి సరిపోయే ఆటగాళ్లను పెద్ద మొత్తాలు పోసి కొన్నది. అక్టోబర్ 28న తీసేసింది. ఆయన్నీ సిబ్బందినీ పంపినందుకు కోటి పౌండ్లు పైనే ఖర్చయిందని క్లబ్ లెక్కల్లోనే ఉంది. వచ్చిన రూబెన్ అమోరిమ్ ఆడించేది వెనక ముగ్గురు డిఫెండర్లు, అంచుల వెంబడి ముందుకూ వెనక్కీ పరిగెత్తే వింగ్ బ్యాక్‌లు ఉండే ఆట. ఆ వింగ్ బ్యాక్ స్థానాలకు పుట్టినట్టుండే ఆటగాళ్లే జట్టులో లేరు. సీజన్ మధ్యలో, మూడు రోజులకో మ్యాచ్ ఉండగా, ప్రాక్టీస్‌కి టైమ్ లేకుండా కొత్త పద్ధతి నేర్పాల్సి వచ్చింది. 42 పాయింట్లు, 15వ స్థానం. మేలోనే పంపి ఉంటే కొత్తాయనకి వేసవి దొరికేది, ఆ డబ్బు కూడా దొరికేది. పూర్తిగా నమ్మి ఉంటే కొన్న ఆటగాళ్లు కనీసం పనికొచ్చేవాళ్లు. రెండూ చేయలేదు.

నా తీర్పు ఇది. కోచ్‌ని ఉంచాలంటే మూడు చోట్ల చూస్తాను. జట్టు సృష్టిస్తున్న అవకాశాలు, ఇస్తున్న అవకాశాలు ఎటు పోతున్నాయి అన్నది మొదటిది. కుర్రాళ్లు ఎదుగుతున్నారా అన్నది రెండోది. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: 2-0తో వెనకబడ్డాక 80వ నిమిషంలో బంతి పోతే, ఆటగాళ్లు వెనక్కి పరిగెడుతున్నారా, నడుస్తున్నారా? టీవీలో చూసినా తెలిసిపోతుంది. పరిగెడుతుంటే డ్రెస్సింగ్ రూమ్ ఇంకా కోచ్‌తోనే ఉంది. ఈ మూడింటిలో రెండు బాగుంటే, పట్టికలో పదిహేనో స్థానమైనా ఉంచమంటాను. మూడూ పోతే వెంటనే పంపమంటాను, గతంలో ఎంత గొప్పవాడైనా సరే. పంపడం ఎలాగూ తప్పదనుకుంటే వేసవిలో పంపండి. సీజన్ మధ్యలో పంపడం, జట్టులో సరుకు ఉండి కోచ్ మాత్రమే అడ్డమైనప్పుడే.

కింది డివిజన్‌కి జారిపోయే ప్రమాదంలో ఉన్న చిన్న క్లబ్‌కి ఇదంతా వర్తించదని చాలామంది అంటారు. పడిపోతే డబ్బు పోతుంది, టెన్షన్ వేరే స్థాయిలో ఉంటుంది, నిజమే. కానీ బర్న్‌లీనే తీసుకోండి. 2015లో పడిపోయినప్పుడు షాన్ డైష్‌ని ఉంచారు, ఏడాదిలో చాంపియన్లుగా పైకి వచ్చారు, 2018లో ఏడో స్థానంలో నిలిచారు. 2022 ఏప్రిల్‌లో ఇంకా ఎనిమిది మ్యాచ్‌లుండగా అదే డైష్‌ని తీసేశారు. అయినా పడిపోయారు.

జర్మనీలో ఫ్రైబర్గ్ 2015లో చివరి రోజు ఓడి పడిపోయింది. కోచ్ క్రిస్టియన్ స్ట్రైష్ ఉద్యోగం మీద అక్కడ పెద్ద చర్చే నడవలేదు. ఆయన ఆ క్లబ్ కుర్రాళ్లకు ఎన్నో ఏళ్లు ఆట నేర్పి, ఆ తర్వాతే పెద్ద జట్టు కోచ్ అయిన మనిషి. ఎవరు ఎలా ఎదుగుతున్నారో ఆయనకీ తెలుసు, క్లబ్‌కీ తెలుసు. మరుసటి ఏడే రెండో డివిజన్ గెలిచి తిరిగొచ్చారు. 2022లో జర్మన్ కప్ ఫైనల్ ఆడారు. 2024లో స్ట్రైష్ తనంతట తానే సెలవు తీసుకున్నారు.