తొలినాటి అమెరికా బంగారు నాణేలు: ఏళ్ల తరబడి దగ్గర ఉంచుకున్నాక నా అభిప్రాయం

1795 నుంచి 1834 వరకు ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చయిన బంగారు నాణేల్లో రకానికి ఒకటి చొప్పున సమకూర్చుకోవాలని పూనుకుని పదేళ్లు దాటింది. సెట్టు ఇంకా పూర్తి కాలేదు. అయినా నాలో ఒక అభిప్రాయం మాత్రం గట్టిగా స్థిరపడింది. ఈ నాణేలను ముందు కంటితో ఎంచుకోవాలి, గ్రేడింగ్ సంస్థ నాణెం స్థితిని బట్టి ప్లాస్టిక్ పెట్టె మీద రాసిన అంకెను ఆ తర్వాతే చూడాలి. అలా కొన్నవి ఏళ్లు గడిచేకొద్దీ మరింత నచ్చుతున్నాయి.

ముందుగా సంగతేమిటో చెప్పాలి. 1792 చట్టం ప్రకారం ఈగిల్ అంటే 10 డాలర్లు, హాఫ్ ఈగిల్ 5 డాలర్లు, క్వార్టర్ ఈగిల్ రెండున్నర డాలర్లు. ఈగిల్ బరువు 270 గ్రెయిన్లు. మన పాత తులం 180 గ్రెయిన్లు కాబట్టి ఈగిల్ సరిగ్గా తులంన్నర, హాఫ్ ఈగిల్ ముప్పాతిక తులం. మేలిమి కూడా మనకు బాగా తెలిసినదే. పన్నెండు భాగాల్లో పదకొండు బంగారం, అంటే 22 క్యారెట్లు, నగల దుకాణంలో 916 ముద్ర పడే బంగారం. మిగిలిన ఒక భాగంలో వెండి, రాగి కలిపేవారు. అందులో వెండి సగానికి మించకూడదని చట్టం. ఆ పాళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండేవి కావు. అందుకే ఒక నాణెం ఆకుపచ్చ ఛాయ తగిలిన లేత పసుపులో, మరొకటి నారింజ వైపు మొగ్గిన ముదురు పసుపులో కనిపిస్తాయి. 1837 తర్వాతి 900 మేలిమి నాణేల ఎర్రదనం అలవాటైన కళ్లకు ఈ రంగులు మొదట వెలిసినట్టు అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ నాణేల అందంలో సగం ఆ రంగుదే.

ఇవి ఇంత తక్కువగా మిగలడానికి కారణం ఆ చట్టంలోనే ఉంది. బంగారం, వెండి విలువల నిష్పత్తిని అది 15:1గా నిర్ణయించింది. ఐరోపాలో బంగారానికి అంతకంటే ఎక్కువ వెండి వచ్చేది. దాంతో ఈ నాణేలు ఓడలెక్కి వెళ్లి కరిగిపోయాయి. 1804 తర్వాత ఈగిల్ ముద్రణే ఆపేశారు, 1838 దాకా మళ్లీ మొదలుపెట్టలేదు. 1834లో బరువు తగ్గించినప్పుడు పాత హాఫ్ ఈగిల్‌లో కొత్తదానికంటే దాదాపు 6.7 శాతం ఎక్కువ బంగారం ఉండటంతో మిగిలినవి కూడా చాలావరకు మూసలోకే పోయాయి. 1822 హాఫ్ ఈగిళ్లు టంకశాల లెక్కల్లో 17,796. ఈనాడు తెలిసినవి మూడే. వాటిలో రెండు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వద్ద ఉన్నాయి, మూడోది 2021లో 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఇలాంటి తేదీల జోలికి రకాల సెట్టు కట్టేవాళ్లు పోనక్కర్లేదు. ప్రతి రకంలోనూ కాస్త దొరికే సంవత్సరాలు ఉంటాయి. అరుదైన తేదీకి పెట్టే డబ్బును వాటిలో మరింత అందమైన నాణేనికి పెట్టడమే నా పద్ధతి.

అందం అంటే నా లెక్కలో మొదటిది, ఎవరూ కడగని ఉపరితలం. రెండు వందల ఏళ్లుగా పేరుకున్న పలుచని పొర అక్షరాల సందుల్లో, నక్షత్రాల చుట్టూ, ముఖం వైపు ఉన్న స్వేచ్ఛాదేవి జుట్టు పాయల మధ్య కాస్త ముదురుగా నిలిచి ఉండాలి. ఎత్తు భాగాలు అరిగినా, లోతుల్లో అచ్చు పడినప్పటి తళుకు ఉండాలి. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచితే ఆ తళుకు తిరుగుతూ కదులుతుంది. కడిగిన నాణెంలో వెలుగు అన్ని వైపులా ఒకేసారి మెరిసి ఆరిపోతుంది, భూతద్దం కింద సన్నని గీతలు ఒకే దిక్కున పరుచుకుని ఉంటాయి. ఏయూ (కొద్దిగా మాత్రమే అరిగిన) 50, 53, 55 గ్రేడుల్లో సహజంగా మిగిలిన నాణేలు ఎంఎస్ (అరుగుదల లేని) 61 అని రాసి ఉన్న చాలా నాణేల కంటే అందంగా ఉంటాయి. ధర చూస్తే తరచూ తక్కువ కూడా. ఈ విభాగంలో కొనేవారికి దొరికే నిజమైన మేలు ఇదే.

కాలం గడిస్తేనే బయటపడే విషయం ఒకటుంది. గీతలు కనబడకుండా కొందరు నాణేల మీద పలుచగా ఏదో పదార్థం పూస్తారు. కొన్న రోజున ఏమీ తెలియదు. ఏళ్లు గడిచాక పెట్టె లోపలే అది తెల్లటి మసకలా తేలుతుంది. అందుకే అనుమానాస్పదంగా నున్నగా, జిడ్డుగా కనిపించే చెంపలున్న నాణేన్ని ఎంత మంచి గ్రేడు ఉన్నా పక్కన పెట్టేస్తాను.

నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు బయటకు తీసేది 1806 హాఫ్ ఈగిల్. రాబర్ట్ స్కాట్ చెక్కిన రూపం అది. కుడివైపు చూస్తున్న స్వేచ్ఛాదేవి, ఎత్తయిన మెత్తని టోపీ, వెనుక వైపు డాలు కప్పుకున్న పెద్ద గద్ద. అమెరికా రాజముద్రలో గద్ద కుడి కాలికి ఆలివ్ కొమ్మ, ఎడమ కాలికి బాణాలు ఉంటాయి. స్కాట్ వాటిని తారుమారు చేశాడు. పొరపాటో, కొత్త దేశం ధీమాను చాటే ప్రయత్నమో ఈనాటికీ తేలలేదు. ఎన్నిసార్లు చూసినా నా కళ్లు ముందు ఆ బాణాల దగ్గరే ఆగుతాయి. ఈ రకంలో డాలు నిలువు గీతలు, గద్ద రొమ్ము, కొన్ని నక్షత్రాలు సరిగా అచ్చు పడకపోవడం మామూలే. దాన్ని అరుగుదల అనుకుని మంచి నాణేన్ని వదులుకోవద్దు. మరో విశేషం, నాణెం మీద విలువ ఎక్కడా ఉండదు. బరువే విలువ.

1807లో సహాయకుడిగా చేరిన జాన్ రైక్ దేవి ముఖాన్ని ఎడమకు తిప్పి, వెనుక "5 డి." అని చేర్చాడు. 1807 నుంచి 1812 దాకా వచ్చిన ఈ రకం స్కాట్ నాణేల కంటే చక్కగా అచ్చు పడింది, దొరకడమూ సులభం. కొత్తగా మొదలుపెట్టేవారు 1810, 1811 తేదీలతో మొదలుపెడితే మంచిది. 1813లో శరీరం తీసేసి తల ఒక్కటే ఉంచిన రూపం వచ్చింది. అందులో దొరికేది దాదాపు ఆ మొదటి ఏడాదిదే. పనితనం బాగున్నా ఆ ముఖం నాకు కాస్త బరువుగా అనిపిస్తుంది. ఇక ఈగిల్‌లో 1799, 1801 తేదీలు చూసుకోండి. 33 మిల్లీమీటర్ల వెడల్పు మీద అదే గద్దను చూస్తే హాఫ్ ఈగిల్‌లో గమనించని ఈకలు కూడా లెక్కపెట్టవచ్చు. క్వార్టర్ ఈగిళ్లలో నక్షత్రాలు లేని 1796, ఒకే ఏడాది వచ్చిన 1808 రెండూ నా అందుబాటులో లేవు. 1808లో ముద్రించినవే 2,710.

నాణెం ముఖం మీద సమాంతరంగా లోతైన గీతలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అచ్చు వేసే ముందు బంగారు బిళ్ళలను తూచి, బరువు ఎక్కువైన వాటిని ఆకురాయితో అరగదీసేవారు. ఆ గీతలు అచ్చుకు ముందువి కాబట్టి నాణెం ఎత్తు భాగాల్లో కొంత అణిగి ఉంటాయి. గ్రేడింగ్ సంస్థలు మామూలుగా వీటిని దెబ్బగా లెక్కించవు. దేవి చెంప మీదుగా పోకుండా అంచు చుట్టూ ఉండే సన్నని పళ్ల దగ్గర ఉన్నంతవరకు నాకు ఇవి ఇష్టమే. పనివాడి చేయి కనిపించే చోటు అదొక్కటే.

నిజంగా భయపడవలసింది నగగా మారి వెనక్కి వచ్చిన నాణేల గురించి. మన కాసులపేరులోలాగే ఈ నాణేలకూ ఒకప్పుడు కొక్కెం అతికించి మెడలో వేసుకునేవారు. తర్వాత టంకం తీసేసి, అంచు నునుపు చేసి అమ్ముతారు. పన్నెండు గంటల స్థానంలో అంచు రంగు మారిందా, పళ్లు అక్కడ మాత్రం పలుచబడ్డాయా, పక్క గాడులు తెగాయా అని చూడాలి. కొన్ని పాత పెట్టెల్లో నాణెం చుట్టూ తెల్లటి చట్రం బిగించి ఉండటంతో అంచు కనబడదు. అలాంటివి నేరుగా చూడకుండా కొనను.

పెట్టెల గురించి రెండు మాటలు. నాణేలకు గ్రేడు ఇచ్చి పెట్టెలో బిగించే సంస్థల్లో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. నకిలీల నుంచి అవి ఇచ్చే రక్షణకు నేను రుణపడి ఉంటాను, పెట్టెలో లేని తొలినాటి బంగారం కొనే ధైర్యం నాకు లేదు. గ్రేడు పొందిన నాణేలను మళ్లీ పరిశీలించే సీఏసీ సంస్థ 2007 నుంచి అతికిస్తున్న ఆకుపచ్చ గుర్తు, ఆ నాణెం దాని గ్రేడుకు తగినదేనని మరో జత కళ్లు చెప్పినట్టు. అమ్మేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది. అయినా గుర్తు ఉన్నవాటిలో నాకు నచ్చనివి, లేనివాటిలో మనసు దోచినవి రెండూ చూశాను. ఫొటోలను అసలు నమ్మను. ఒక అమ్మకందారు పంపిన చిత్రంలో తేనెరంగులో మెరిసిన నాణెం, చేతికి వచ్చాక పాలిపోయిన ఇత్తడిలా ఉంది. వెనక్కి తీసుకోవడానికి అతను వారాలపాటు సాగదీశాడు. వాపసు గడువు రాతపూర్వకంగా లేకుండా ఇంత ఖరీదైన వస్తువు ఆర్డరు చేయకండి. వీలుంటే బాల్టిమోర్ లాంటి చోట్ల జరిగే ప్రదర్శనలకు వెళ్లండి. వేలానికి ముందు నాణేలను చేతిలోకి తీసుకుని చూడనిస్తారు, కొనకపోయినా కళ్లకు అదే శిక్షణ.

నాకు మిగిలిన పెద్ద ఖాళీ చిన్న గద్ద రకం. 1795 జులై 31న టంకశాల మొదటి విడతగా అందించిన హాఫ్ ఈగిళ్లు అవే. తాటికొమ్మ మీద నిలబడి ముక్కున పూదండ పట్టుకున్న ఆ సన్నని గద్ద ముందు తర్వాతి గద్దలేవీ నాకు నిలవవు. ఏయూ గ్రేడులో దాని ధర నాకు అందదు. ఏయూ కంటే ఎక్కువ అరిగిన ఎక్స్‌ఎఫ్ 40 అయినా, ఆకురాయి గీతలున్నా సరే, ఉపరితలం కడగకుండా, అంచులో టంకం జాడ లేకుండా దొరికితే తీసుకుంటాను. అప్పటిదాకా ఆ సొమ్మును వేరే నాణెం మీద పెట్టను.