మా ఆఫీసు దగ్గరి బ్రూవరీ: ముందు లాగర్ అడగండి

ఏ బ్రూవరీకి వెళ్లినా నేను మొదట అడిగేది లాగర్, అంటే చలిలో నెమ్మదిగా పులియబెట్టే బీరు. మామిడి బీరు, కాఫీ స్టౌట్ అనే నల్ల బీరు లాంటివి ఆ తర్వాతే. వాటిలో పండు రుచో కాఫీ ఘాటో ముందుకొచ్చి, తయారీలో జరిగిన తప్పుల్ని కప్పేస్తుంది. లాగర్‌కి ఆ వెసులుబాటు లేదు. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), హాప్స్ (చేదునిచ్చే పువ్వులు), ఈస్టు (పులియబెట్టే సూక్ష్మజీవి), నీళ్లు, ఈ నాలుగిట్లో ఏది తేడా కొట్టినా మొదటి గుక్కలోనే దొరికిపోతుంది. హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఈ మైక్రోబ్రూవరీకి (బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోటు) కొన్నేళ్లుగా వెళ్తున్నాను. ఇప్పుడు ఎవరడిగినా ధైర్యంగా అక్కడికే పంపిస్తున్నానంటే కారణం ఆ లాగరే. పేరు మాత్రం రాయను. మెచ్చుకోళ్లతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, నా మాటల వల్ల వాళ్ల వ్యాపారానికి దెబ్బ తగలడం నాకిష్టం లేదు. పైగా ఇక్కడ చెప్పేవాటిలో చాలా వరకు మీ ఇంటి దగ్గరి బ్రూవరీకీ పనికొస్తాయి.

మన దగ్గర చాలాకాలం బీరంటే ఒకటే ప్రశ్న: స్ట్రాంగా, లైటా? వైన్స్‌లో అడిగినా, పర్మిట్ రూంలో అడిగినా అంతే. 2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాయి. అంతకుముందు బెంగళూరు వెళ్లినప్పుడల్లా ఇందిరానగర్‌లో టాయిట్ అనే బ్రూవరీకి పోయి, అక్కడి బాస్మతి బ్లాండ్ అనే బీరు తాగి, మనకెప్పుడొస్తాయో ఇలాంటివి అనుకుంటూ తిరిగొచ్చేవాళ్లం. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ప్రోస్ట్, జీరో 40 లాంటివి ఉన్నాయి, ఐటీ కారిడార్ పొడుగునా ఇంకా చాలా వచ్చాయి. ఎంచుకోవడానికి ఇన్ని ఉన్నప్పుడు, అన్నిటికీ ఒకే పరీక్ష పెట్టడం న్యాయం. నా పరీక్ష లాగర్.

ఈ పరీక్షలో మా బ్రూవరీ మొదట్లో ఫెయిలయింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే వెన్న వాసన. కొందరికి అది బాగానే ఉంటుంది, పాప్‌కార్న్‌లా ఉందని మెచ్చుకున్న కొలీగ్స్ కూడా ఉన్నారు. కానీ లాగర్‌లో అది లోపమే. తర్వాత వచ్చిన బ్రూవర్ (బీరు కాచేవాడు), ఖమ్మం కుర్రాడు, నన్ను ఒకరోజు అద్దాల వెనక ఉన్న ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లి కారణం చెప్పాడు. "అన్నా, ఈస్టు మొదట్లో ఆ వాసన తనే పుట్టిస్తది, చివర్లో మళ్లీ తనే తినేస్తది. మనం ఆగాలె. ట్యాంకు ఖాళీ చేయాలని ముందే చల్లబెట్టేస్తే ఈస్టు పని ఆగిపోతది, ఆ వాసన బీర్‌లో అట్లనే ఉండిపోతది" అన్నాడు.

ఆ ఆగడమే ఖరీదైన పని. వీట్ బీర్ (గోధుమ బీర్), స్టౌట్ లాంటి ఏల్ రకాలు ఇరవై డిగ్రీల అటూ ఇటూ వేడిలో త్వరగా పులుస్తాయి, రెండు మూడు వారాల్లో గ్లాసులోకొచ్చేస్తాయి. లాగర్ పది పన్నెండు డిగ్రీల చలిలో నెమ్మదిగా పులిసి, ఆ తర్వాత సున్నాకి దగ్గరగా ఇంకొన్ని వారాలు పడుకోవాలి. అంటే ఒక లాగర్ తయారయ్యే లోపు అదే ట్యాంకులో రెండు సార్లు వీట్ బీర్ చేసి అమ్ముకోవచ్చు. అద్దె ఆకాశంలో ఉండే చోట ఓనర్‌కి ఇది చిన్న లెక్క కాదు. అందుకే లాగర్ అని బోర్డు మీద రాసి, నిజానికి తొందరగా దించేసిన బీరు పోసే చోట్లు చాలా తగిలాయి నాకు. ఇక్కడ ట్యాంకు రెడీ కాకపోతే బోర్డు మీద లాగర్ పేరు కొట్టేస్తారు. వెళ్లినప్పుడు దొరక్కపోతే చిరాకేస్తుంది, కానీ నేను ఆ చోటుని గౌరవించడం మొదలుపెట్టింది అందుకే.

ఇప్పటి లాగర్ ఎలా ఉంటుందంటే, లేత బంగారు రంగు, గ్లాసు వెనక వేలు పెడితే గోరు కూడా కనిపించేంత తేట. ముందు రొట్టె పైపెంకు లాంటి మాల్టు రుచి, చివర్లో నాలుక పక్కల గీరినట్టు సన్నటి చేదు, అంతే, గొంతు శుభ్రం. 1842లో చెక్ పట్టణం ప్లజెన్‌లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియన్ బ్రూవర్ మొదటిసారి చేసిన పిల్స్‌నర్ వరసలోది ఇది. అక్కడి నీళ్లు చాలా మెత్తన, అంటే లవణాలు తక్కువ. మన హైదరాబాద్ బోరు నీళ్ల సంగతి గీజర్ విప్పి చూసిన వాళ్లందరికీ తెలుసు. అందుకని వీళ్లు ఆర్‌ఓ నీళ్లు తీసుకుని, ఏ బీర్‌కి ఎంత కావాలో అంత లవణం కలుపుకుంటారు. ఆ నీళ్ల దగ్గరే సగం తేడా వస్తుందని బ్రూవర్ నమ్మకం.

లాగర్ తర్వాత నేను తెప్పించుకునేది హెఫెవైజెన్, జర్మన్ గోధుమ బీర్. అరటిపండు, లవంగం వాసన వస్తుంది. పక్క టేబుల్ వాళ్లు "ఏం ఎసెన్స్ వేశారు?" అని అడగడం చాలాసార్లు విన్నాను. ఏ ఎసెన్సూ లేదు, రెండు వాసనలూ ఈస్టు పులియబెట్టేటప్పుడు పుట్టేవే. బెల్జియన్ విట్ అనే గోధుమ బీర్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. 1950ల్లో కనుమరుగైన ఆ రకాన్ని 1966లో హూగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ అనే ఆయన మళ్లీ కాచడం మొదలుపెట్టాడు, అప్పటిదాకా ఆయన చేసింది పాల వ్యాపారం. ఇక్కడి విట్‌లో ధనియాలు కొన్నిసార్లు కాస్త ఎక్కువై రసం గుర్తొస్తుంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా ఉండే బీరు ఇదొక్కటే, కాబట్టి ముందు శాంపిల్ అడిగి తర్వాత ఆర్డర్ ఇవ్వండి. శాంపిల్‌కి డబ్బులు తీసుకోరు, మొహమాటపడక్కర్లేదు.

ఐపీఏ, అంటే హాప్స్ దండిగా వేసిన చేదు ఏల్, బాగుంటుంది, కానీ మన మంచింగ్‌తో పడదు. హాప్స్ చేదు మిరపకారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. చికెన్ 65తో ఐపీఏ తీసుకుని, నోరు మండిపోతోందని నీళ్లు అడిగేవాళ్లని అక్కడ తరచూ చూస్తాను. అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ లాంటివి చెప్పాలనుకుంటే గోధుమ బీర్ తీసుకోండి, మెత్తగా సర్దేస్తుంది. ఐపీఏకి వేయించిన జీడిపప్పు చాలు. స్టౌట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పర్వాలేదు. మామిడి బీరు ఎండాకాలంలో అందరూ ఎగబడతారు, నాకు రెండో గ్లాసు తాగాలనిపించదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి గ్లాసు. ఫ్రీజర్‌లో పెట్టి మంచు కట్టిన మగ్గులు వాడరు. "చల్లగా లేదేంటి తమ్ముడూ" అని కుర్రాళ్ల మీద కేకలేసే కస్టమర్లు ఉంటారు, పాపం వాళ్లు ఓపిగ్గా వివరిస్తారు. నాలుక మొద్దుబారేంత చల్లగా ఉంటే అరటిపండూ తెలీదు, లవంగమూ తెలీదు. అలాగే నురగ. రెండు వేళ్ల నురగ ఉంటే కొలతలో మోసం చేశారనుకుంటాం. గ్లాసుకి గీత ఉంటుంది, బీరు గీత దాకా ఉందో లేదో చూసుకోండి, దానిపైన నురగ ఉండాల్సిందే, వాసనని పట్టి ఉంచేది అదే. తాజాదనం కూడా అంతే ముఖ్యం. పొద్దున చెట్టు నుంచి దించిన కల్లుకీ సాయంత్రం కల్లుకీ తేడా తెలిసిన వాళ్లం మనం, ట్యాంకు ఎప్పుడు తెరిచారని బ్రూవరీలో అడగడానికి ఎందుకు వెనకాడాలి? ఇక్కడ అడిగితే చెప్తారు. అడక్కుండానే బోర్డు మీద తేదీ రాయమని చాలాసార్లు చెప్పాను, ఇంకా రాయలేదు.

ఇక ఫిర్యాదులు. ఒకసారి రెడ్ ఏల్ పుల్లగా, వెనిగర్ వాసనతో వచ్చింది. ట్యాప్ పైపులు సరిగా కడగకపోతే ఇలా అవుతుంది. వెయిటర్ "ఈ బీర్ ఇలాగే ఉంటుంది సార్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు, బ్రూవర్‌ని పిలిపించాను. అతను ఒక గుక్క రుచి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా ఆ ట్యాప్ మూయించి, గ్లాసు మార్చాడు. తప్పు జరగడం కన్నా ఆ మొదటి జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. తెలియని మనిషైతే రెడ్ ఏల్ అంటే ఇదే కాబోలు అనుకుని మళ్లీ దాని జోలికి పోడు కదా. బీర్ పోసేవాళ్లకి కనీసం చెడిన బీర్ వాసన ఎలా ఉంటుందో నేర్పించాలి. రెండోది శుక్ర, శనివారాల డీజే. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి సిట్టింగ్ వేయాలనుకుంటే మంగళ, బుధవారాల్లో ఏడు లోపు వెళ్లండి, ట్యాంకులకి ఎదురుగా ఉండే మూల టేబుల్ దొరుకుతుంది.

బిల్లు వచ్చాక ఒక్క నిమిషం చూసుకోండి. ఫుడ్ మీద జీఎస్టీ ఉంటుంది, బీర్ జీఎస్టీలోకి రాదు, దాని మీద వ్యాట్ పడుతుంది. ఈ రెండూ కట్టాల్సిందే. సర్వీస్ చార్జ్ మాత్రం కట్టి తీరాలన్న రూలేమీ లేదు. వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022లోనే దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదని చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇక్కడ తీసేయమంటే మారు మాట్లాడకుండా తీసేస్తారు. నేను ఆ డబ్బుకి కొంచెం కలిపి, పోసిన కుర్రాడి చేతికే ఇస్తాను. ఒక గ్లాసు అన్నీ కలిపి నాలుగు వందల పైమాటే పడుతుంది. సీసా బీర్‌తో పోలిస్తే ఎక్కువే, కానీ ఆరు వారాలు ఓపిక పట్టి చేసిన లాగర్‌కి ఆ ధర ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

బండి మాత్రం తీసుకెళ్లకండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్ఫై మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే. మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రెండు గ్లాసులకే ఆ గీత దాటేయొచ్చు, మనకి తెలియను కూడా తెలియదు. నాగోల్ వైపు వెళ్లేవాళ్లకి రాయదుర్గం నుంచే మెట్రో బయల్దేరుతుంది కాబట్టి సీటు కూడా దొరుకుతుంది. చివరి రైలు టైం ముందే చూసుకుని, దానికి అరగంట ముందు బిల్లు అడగండి. రద్దీ రోజుల్లో ఆ బిల్లు రావడానికే చాలా సేపు పడుతుంది.