కంప్లీట్ ఫ్రాయిండ్స్ ఎడ్జువెంట్: మయస్తీనియా మోడల్‌కు కొనేవారి కోసం

రేటింగ్: 5కి 4. తగ్గించిన ఒకటి, సూది గుచ్చిన చోట లేచే గడ్డలకు, పుండ్లకు.

ఎడ్జువెంట్ అంటే రోగనిరోధక స్పందనను పెంచే మిశ్రమం. మయస్తీనియా అంటే సొంత యాంటీబాడీలు కండరాల మీది ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్‌ను (నరం సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) దెబ్బతీసి నీరసం తెచ్చే జబ్బు. 1973లో పరిశోధకులు ప్యాట్రిక్, లిండ్‌స్ట్రామ్ కుందేళ్లలో ఈ జబ్బు తెప్పించినప్పుడు ఈల్ చేప నుంచి తీసిన ఆ రిసెప్టర్‌కు తోడుగా వాడింది ఈ ఎడ్జువెంటే. ఇప్పుడు ఎక్కువగా టార్పెడో చేప రిసెప్టర్‌ను సీ57 బ్లాక్6 రకం చిట్టెలుకలకు ఇస్తున్నారు. రిసెప్టర్ శుద్ధి మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ సీసా మీద పెట్టరు. ఎలుకలు నీరసపడకపోతే మాత్రం తప్పు ఎలుకలదే అంటారు!

సీసాలో ఉండేది మినరల్ ఆయిల్, మానైడ్ మోనోఓలియేట్ (నూనెను, నీటిని కలిపి ఉంచేది), వేడితో చంపిన క్షయ బాక్టీరియా. బాక్టీరియా మి.లీ.కు 1 మి.గ్రా. ఉండే రకం చాలు. అది అడుక్కి దిగిపోతుంది. బాగా కుదపకుండా పైనుంచి తీస్తే వచ్చేది వట్టి నూనె.

ఒక్కో ఎలుకకు 20 మైక్రోగ్రాముల రిసెప్టర్ 100 మైక్రోలీటర్ల బఫర్‌లో, ఎడ్జువెంట్ మరో 100. రెండు గాజు సిరంజిలను లూయర్ లాక్‌తో (మరతో బిగించే జాయింట్) కలిపి, ముందు బఫర్‌ను నూనెలోకి నెట్టి, ముద్ద గట్టిపడి పిస్టన్ మొరాయించేదాకా అటూ ఇటూ తోయాలి. ప్లాస్టిక్ సిరంజి రబ్బరు నూనెకు ఉబ్బి ఇరుక్కుంటుంది. ఒక చుక్కను చల్లటి నీళ్లలో వేస్తే పూసలా నిలవాలి. పరుచుకుందా, ఇంకా తోయాలి. ఎంత తోసినా విడిపోతుంటే రిసెప్టర్‌తో వచ్చిన డిటర్జెంట్ ఎక్కువైందేమో చూడండి.

చర్మం కింద నాలుగు చోట్ల 50 మైక్రోలీటర్ల చొప్పున ఇవ్వాలి. అరికాలిలో వద్దు. ఎథిక్స్ కమిటీ అభ్యంతరం ఒకటైతే, వాచిన పాదంతో ఎలుక పట్టు కొలిచి కండరాల నీరసం అనుకోవడం ఇంకొకటి. నాలుగు వారాలకు బూస్టర్ ఇన్‌కంప్లీట్ రకంతోనే (బాక్టీరియా లేనిది). కంప్లీట్ మళ్లీ ఇస్తే పుండ్లు ఖాయం. రిసెప్టర్ లేకుండా ఎడ్జువెంట్ మాత్రమే ఇచ్చిన గుంపు తప్పనిసరి.

నీరసం నిజమా అన్నది జాలీ మీద 20–30 సార్లు పట్టు పట్టించాకే తేలుతుంది. మయస్తీనియా మందు నియోస్టిగ్మిన్‌తో తేరుకోవాలి, లేదా నరానికి సెకనుకు 3 సార్లు (3 హెర్ట్జ్) ఇచ్చే విద్యుత్ ప్రేరణకు కండరం స్పందన 10 శాతానికి మించి పడిపోవాలి.

కాంప్లిమెంట్‌ను (యాంటీబాడీలకు తోడై కణాలను దెబ్బతీసే రక్త ప్రోటీన్లు) ఆపే మందును పరీక్షించడమే పనైతే ఈ సీసా కొనకండి. ర్యాట్‌కు (పెద్ద ఎలుక) ఈ రిసెప్టర్‌ను పట్టుకునే ఎంఏబీ35 యాంటీబాడీ నేరుగా ఇస్తే రెండు రోజుల్లోపే ఫలితం తెలుస్తుంది.

వాడేటప్పుడు కళ్లజోడు, గ్లవ్స్ ఉండాలి. పొరపాటున వేలికి గుచ్చుకుంటే మానని గడ్డ కడుతుంది, క్షయ చర్మపరీక్ష పాజిటివ్ రావచ్చు.