పెరటి కోళ్ల గూట్లో లైటు: రాత్రా, తెల్లవారుజామునా, అసలు వద్దా?

కార్తీకం దాటి చలి ముదిరేసరికి పెరట్లో కోళ్లున్న ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: గుడ్లు తగ్గిపోయాయి. "గూట్లో ఒక బల్బు వేలాడదీయండి, అవే పెడతాయి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ సలహాలో నిజం ఉంది గానీ సగమే. ఏ జాతి కోడికి, ఏ వేళలో, ఎంతసేపు అన్నది తేల్చుకోకుండా లైటు వేస్తే గుడ్లు పెరగవు సరికదా, కోడి ఒళ్లు గుల్లవుతుంది.

ముందు అసలు సంగతి. కోడి గుడ్డు పెట్టాలంటే తిండి ఒక్కటే చాలదు, పగలు పొడుగ్గా ఉండాలి. వెలుతురు దాని కంట్లోంచే కాదు, పుర్రె గుండా నేరుగా మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ దాకా వెళ్తుంది. అందుకే చూపు లేని కోడికి కూడా పగలు పెరుగుతోందో తరుగుతోందో తెలుస్తుంది. పగలు పెరిగితే అక్కడి నుంచి హార్మోన్లు కదిలి, అండాశయంలో సొనలు ఎదుగుతాయి. 14 నుంచి 16 గంటల వెలుతురు దొరికితే గుడ్ల జాతి పెట్ట తన శక్తి మేరకు పెడుతుంది. పన్నెండు గంటల కిందికి జారేకొద్దీ వేగం తగ్గిస్తుంది, చాలాసార్లు ఈకలు రాల్చుకుని కొన్ని వారాలు విశ్రాంతికి వెళ్తుంది.

ఇక్కడే మన ఊళ్లకీ చలి దేశాలకీ తేడా వస్తుంది. హైదరాబాదులో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలకు కాస్త పైన. తేడా మొత్తం రెండు గంటలే. న్యూజెర్సీలో పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుంటున్న మన తెలుగువాళ్లకు డిసెంబరు పగలు తొమ్మిది గంటల చిల్లరే, జూన్‌లో మాత్రం పదిహేను గంటలు. అక్కడ లైటు లేకపోతే చలికాలం గుడ్లు దాదాపు ఆగిపోతాయి. కాబట్టి ఇంటర్నెట్‌లో అమెరికావాళ్లు చెప్పే "రోజుకు 16 గంటలు" లెక్కను మన పెరట్లోకి ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. దీనికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది, కాసేపట్లో చెప్తాను.

ఏ కోడికి?

లైటు గురించి ఆలోచించే ముందు గూట్లో ఉన్నది ఏ కోడో చూసుకోవాలి. నాటు పెట్ట ఒక విడతలో పన్నెండు పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. ఏడాది మొత్తం మీద అరవై, మహా అయితే ఎనభై గుడ్లు. దాని గుడ్లకు అడ్డు పడేది పొదుగే గానీ చీకటి కాదు. బల్బు వేసినంత మాత్రాన పొదుగు కోరిక పోదు. ఉన్నవన్నీ నాటుకోళ్లో, పందెం జాతికోళ్లో అయితే గుడ్ల కోసం లైటు వద్దు. ఈ మాట తటపటాయించకుండా చెప్తున్నాను.

గ్రామప్రియ సంగతి వేరు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. మంచి మేపు మీద 72 వారాల వయసు వచ్చేసరికి 160 నుంచి 180 గుడ్లు ఇస్తుంది. అదే సంస్థ ఇచ్చిన వనరాజా గుడ్లకూ మాంసానికీ కలిపి పెంచేది, 100 నుంచి 110 గుడ్ల దగ్గర ఉంటుంది. షెడ్ల నుంచి తెచ్చుకున్న తెల్ల లేయర్ కోడి అయితే మూడు వందలు పెట్టే జాతి. పొదుగు బుద్ధి తగ్గించి, గుడ్డు కోసమే పెంచుకొచ్చిన కోళ్లు ఇవి. లైటు ఫలితం వీటి మీద కనబడుతుంది.

ఇరవై వారాలు నిండని పెట్టలకు మాత్రం లైటు పెంచొద్దు. ఒళ్లు ఎదగకముందే గుడ్డుకు వస్తే గుడ్లు చిన్నవిగా పడతాయి, కొన్నిటికి గుడ్డు దారి బయటికి జారి ప్రాణం మీదికొస్తుంది.

ఎన్ని గంటలు? పదహారా, పదమూడా?

తణుకు, అనపర్తి వైపు లేయర్ షెడ్లలో 16 గంటల వెలుతురు ఇస్తారు. అది వాళ్లకు సరిపోతుంది. లెక్క ప్రకారం దాణా, ఏడాది పొడవునా ఒకే తీరు వెలుతురు, వయసు మీరాక కోడిని తీసేయడం, ఇవన్నీ కలిసిన పద్ధతి అది. పెరట్లో పెట్టను మూడు నాలుగేళ్లు ఉంచుకుంటాం.

ఇందాక చెప్తానన్న కారణం ఇది. పెట్టే కోడికి వెలుతురు ఒక్కసారిగా తగ్గించకూడదు, తగ్గిస్తే ఈకలు రాల్చి గుడ్లు ఆపేస్తుంది. న్యూజెర్సీలో చలికాలం 14, 15 గంటలు లైటుతో నింపినా, మే నాటికి సూర్యుడే ఆ గంటలు ఇస్తాడు, లైటు తీసేసినా కోడికి తేడా తెలియదు. మన దగ్గర ఎండాకాలంలో కూడా పగలు పదమూడు గంటలే. ఒకసారి పదహారు అలవాటు చేస్తే ఇక ఏడాది పొడవునా లైటు వేస్తూనే ఉండాలి, ఏ నెలలోనూ దాన్ని తీసేసే వీలు లేదు.

అందుకే పెరటికి నా ఎంపిక 13 గంటలు. జూన్‌లో సూర్యుడు ఎంత ఇస్తాడో డిసెంబరులోనూ అంతే అందేలా చూడడం. షెడ్డు కోడి పెట్టినన్ని గుడ్లు రావు. చలికాలపు తగ్గుదల మాత్రం చాలావరకు ఆగుతుంది, మే వచ్చేసరికి లైటు దానంతటదే అనవసరమవుతుంది.

లెక్క కూడా తేలిక. సాయంత్రం పొద్దు గూకే వేళకు ఒక గంట తగ్గించుకుంటే, తెల్లవారుజామున లైటు వేయాల్సిన వేళ వస్తుంది. డిసెంబరులో హైదరాబాదులో పొద్దు అయిదూ ముప్పావుకు గూకుతుంది, కాబట్టి లైటు నాలుగూ ముప్పావుకు వెలగాలి. సెప్టెంబరు నుంచే మొదలుపెట్టి పదిహేను రోజులకోసారి వేళ సర్దుకుంటే చాలు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు వారానికి పావుగంట, అరగంట చొప్పున పెంచుకుంటూ రావాలి.

సాయంత్రమా, తెల్లవారుజామునా?

ఎక్కువమంది సాయంత్రమే వేస్తారు. ఇంట్లో అందరూ మెలకువగా ఉంటారు, స్విచ్చి చేతికందుతుంది, టైమర్ అక్కర్లేదు. సౌకర్యం మనకే గానీ కోడికి కాదు. పొద్దు వాలుతుంటే కోళ్లు వెలుగు పల్చబడే తీరు చూసుకుని గూటికి చేరి, కర్ర మీద తమ తమ చోట్లు చూసుకుంటాయి. దాణా దగ్గర తిరుగుతుండగా టపీమని లైటు ఆరిపోతే ఎక్కడివక్కడే నేల మీద కూలబడతాయి. చీకట్లో కోడికి దాదాపు ఏమీ కనబడదు, కర్ర ఎక్కలేదు. తడి నేల మీద, రెట్ట మీద రాత్రంతా గడుపుతాయి. సాయంత్రం కరెంటు పోయినప్పుడూ ఇదే తంతు.

తెల్లవారుజామున వేస్తే ఈ బాధ లేదు. కర్ర మీద నిద్రపోతున్న కోడి లేస్తుంది, దిగుతుంది, తిని నీళ్లు తాగుతుంది, ఆ వెలుగులోంచి తెల్లవారి వెలుగులోకి నడుస్తుంది. సాయంత్రం చీకటి సహజంగా పడుతుంది. ఒకరోజు కరెంటు లేకపోయినా కోడి నేల పాలు కాదు. ఇబ్బంది ఉన్నది రెండింట్లో. నాలుగూ ముప్పావుకు రోజూ లేచే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి ప్లగ్గుకు తగిలించే టైమర్ కొనాలి. రెండోది, గూట్లో పుంజు ఉంటే లైటు వెలగగానే కూత మొదలవుతుంది. పల్లెలో ఎవరూ పట్టించుకోరు. గోడకు గోడ ఆనుకున్న కాలనీలో ఉంటే పుంజును వేరే చోట కమ్మడం మంచిది.

పెట్టలకే అయితే తెల్లవారుజాము. దీనిలో నాకు రెండో మాట లేదు.

రాత్రంతా వెలిగే బల్బు

పిల్లి వస్తుందనో, పాము వస్తుందనో రాత్రంతా జీరో బల్బు వెలిగించే ఇళ్లు చాలా ఉన్నాయి. భయం నిజమే. పునుగు పిల్లి, జంగుపిల్లి, ముంగిస, పందికొక్కు, కుక్క అన్నీ కోడి మీద కన్నేసేవే. కానీ లైటు వాటిని ఆపదు, కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి. లైటు చుట్టూ పురుగులు మూగుతాయి, పురుగుల కోసం కప్పలొస్తాయి, కప్పల వెనక పాము రావచ్చు. గూట్లో కోళ్లు నిద్ర చాలక చికాకుపడి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. చీకటి కోడికి కావలసిందే. అర అంగుళం కన్నుల వెల్డ్‌మెష్, కింద తవ్వి దూరకుండా నేలలోకి అడుగు లోతున దించిన జాలీ, గట్టి గడియ, వీటి మీద పెట్టిన డబ్బే కాపలా కాస్తుంది. దారి కనబడాలంటే లైటు గూటి బయట పెట్టుకోండి, వెలుగు లోపలికి పడకుండా.

ఏ బల్బు?

గుడ్ల కోసం అయితే పసుపు వెలుగునిచ్చే ఎల్‌ఈడీ. పెరటి గూటికి అయిదు వాట్లు, పెద్దదైతే తొమ్మిది. కోళ్లు నిలబడే ఎత్తులో న్యూస్‌పేపరు అక్షరాలు చదవగలిగితే వెలుతురు చాలు. దాణా, నీళ్ల మీద వెలుగు పడాలి, గుడ్లు పెట్టే గంప మాత్రం నీడలోనే ఉండాలి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ రోజుకు మూడు గంటలు వెలిగినా నెలకు ఒక యూనిట్ కూడా కాదు. అదే అరవై వాట్ల పాత బల్బయితే అయిదు యూనిట్లు దాటుతుంది, పైగా వేడి. ఈక దుమ్ము చేరకుండా మూత ఉన్న హోల్డర్ వాడండి.

సోలార్ గార్డెన్ లైటు గూటికి పనికిరాదు. అది చీకటి పడగానే తనంతట తాను వెలిగి, బ్యాటరీ ఉన్నంతసేపు ఉండి, మబ్బు పట్టిన రోజు తొందరగా ఆరిపోతుంది. మనకు కావలసినదానికి పూర్తిగా తలకిందులు.

లైటు వేసి మేపు మార్చకపోవడం మాత్రం కోడికి చేసే అన్యాయం. ఒక్కో గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. లైటు గుడ్డు పెట్టమంటుంది, మేతలో కాల్షియం లేకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. నూకలు, తవుడు మీదే బతికే కోడికి లైటు వేయకండి. లేయర్ దాణా రోజుకు వంద గ్రాముల పైన, పక్కన గిన్నెలో ఆల్చిప్పల పొడి, నిండా నీళ్లు ఉంటేనే టైమర్ పెట్టండి. ఇక ఎండాకాలంలో కోడి మధ్యాహ్నం దాణా ముట్టదు. అప్పుడు లైటుతో పనిలేదు, అయిదున్నరకే గూడు తలుపు తీస్తే చల్లపూటలోనే కడుపు నింపుకుంటుంది.

పిల్లలకు లెక్క వేరు

తల్లి కింద ఉన్న పిల్లలకు ఏ లైటూ అక్కర్లేదు. హేచరీ నుంచి తెచ్చిన పిల్లలకు కావలసింది వేడి: మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ. ఎల్‌ఈడీ ఇక్కడ పనికిరాదు, వేడి ఇవ్వదు. పాత ఫిలమెంట్ బల్బు పిల్లకు రెండు వాట్ల లెక్కన పెడితే చలికాలంలో సరిపోతుంది. ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు వేడి బాగా ఇస్తుంది, వెలుగు తక్కువ కాబట్టి పిల్లలు పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. కానీ 250 వాట్ల బల్బు వరి ఊక మీదో, తాటాకు కప్పు కిందో జారిపడితే నిప్పంటుకుంటుంది. వైరు మీద వేలాడదీయకుండా ఇనుప గొలుసుకు కట్టి, చుట్టూ జాలీ వేయాలి. కరెంటు నమ్మకం లేని ఊళ్లలో బొగ్గుల కుంపటి వాడేవాళ్లున్నారు. పొగ బయటికి పోయే దారి లేని గదిలో అది పిల్లల ప్రాణం తీస్తుంది, అలాంటి చోట వద్దు.

వేడి సరిపోయిందో లేదో థర్మామీటర్ కన్నా పిల్లలే బాగా చెప్తాయి. బల్బు కింద కుప్పగా చేరి అరుస్తుంటే చలి, బల్బును కిందికి దించండి. గోడల వైపు పోయి నోరు తెరిచి ఆయాసపడుతుంటే వేడి ఎక్కువైంది, పైకి ఎత్తండి. అంతటా పరుచుకుని కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే ఆ ఎత్తును మార్చకండి. పగలు ఎండ ఎక్కాక బల్బు ఆర్పేయొచ్చు, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం ఒకసారి చూసి రావాలి.